ఒక ఇంటికి నాలుగు ధరలు: ఏ ధర ఎవరి కోసం?

రైతు కూలీల సమస్యలు రాసే ఈ శీర్షికలో ఇళ్ళ విలువల గొడవ దేనికని కొందరు మిత్రులు అడగవచ్చు. అది పట్నం వాళ్ళ సంగతి కదా, మనకేం పట్టింది అనవచ్చు. కాని సెంటు భూమి లేనివాడికి, రెక్కలాడితేగాని డొక్కాడనివాడికి వున్న ఆస్తి ఏమిటి? తాత నాటి గుడిసె స్థలంలో అప్పో సప్పో చేసి వేసుకున్న రెండు గదుల శ్లాబు. అంతే. పెళ్ళి వచ్చినా, జబ్బు చేసినా, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినా తాకట్టు పెట్టుకునేది దాన్నే. ఆ ఇంటికి సర్కారు వారు ఒక ధర కట్టి పుస్తకంలో రాసుకుంటున్నారు. ఆ పుస్తకంలో అంకె మారితే ఇంటి పన్ను మారుతుంది, రిజిస్ట్రేషన్ ఖర్చు మారుతుంది, బ్యాంకు ఇచ్చే అప్పు మారుతుంది, రోడ్డు కింద ఇల్లు పోతే చేతికొచ్చే పరిహారం మారుతుంది. ఇంతటి అంకెను ఎవరు వేస్తున్నారు, ఎలా వేస్తున్నారు అన్నది కూలీలకు తెలియకపోతే ఎట్లా?

ఈ మధ్య మేము కొన్ని పల్లెలు తిరిగాము. అవి నిన్నటి దాకా పంచాయతీలు, ఇవాళ మున్సిపాలిటీలో వార్డులు. ఒక ముసలమ్మ మాకు పన్ను కాగితం తెచ్చి చూపించింది. "అయ్యా, నా కొంప ఇంత ధర చేస్తదని వీళ్ళు రాశారు. ఆ ధరకి వాళ్ళనే కొనుక్కోమనండి, ఇచ్చేసి పోతా" అన్నది. చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. మాకు మాత్రం ఆమె అడిగిన దానిలో నవ్వాల్సింది ఏమీ కనబడలేదు. సర్కారు రాసిన ధరకు సర్కారు కట్టుబడి వుంటుందా అన్నదే ఆమె ప్రశ్న. ఈ వ్యాసమంతా దానికి జవాబే.

ముందు ఈ పుస్తకం సంగతి చూద్దాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మార్కెట్ విలువల రిజిస్టర్ అని ఒకటి వుంటుంది. ఏ ఊళ్ళో, ఏ సర్వే నెంబరులో, ఏ వీధిలో ఎకరం ఎంత, గజం ఎంత అని అందులో రాసి వుంటుంది. జనం దీన్ని గవర్నమెంటు రేటు అంటారు, పుస్తకం ధర అంటారు. ఇది ఎందుకు పుట్టింది? స్థలాలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు దస్తావేజులో తక్కువ ధర రాసి స్టాంపు డ్యూటీ ఎగవేస్తున్నారని. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టానికి 47-ఎ సెక్షన్ కలిపి 1975 నుంచి అమలు చేశారు. రాసిన ధర తక్కువని రిజిస్ట్రారుకు అనుమానం వస్తే ఆ దస్తావేజును కలెక్టరుకు పంపవచ్చు. ఆ అనుమానం రావటానికి ఒక కొలబద్ద కావాలి. ఆ కొలబద్దే ఈ రిజిస్టర్. విలువలు సవరించటానికి 1998లో విడిగా నిబంధనలు చేశారు. సవరించే కమిటీలో అధికారులే వుంటారు. రెవెన్యూ అధికారి అధ్యక్షుడు, సబ్ రిజిస్ట్రారు కన్వీనరు. ముసాయిదా బయట పెట్టాము, అభ్యంతరాలు అడిగాము అంటారు. నాట్లు వేసే మనిషి ఏ రోజున పని మానుకుని వెళ్ళి ఆ బోర్డు చదివి, అభ్యంతరం రాసి వస్తుందో వాళ్ళే చెప్పాలి.

అంటే మొదట ఇది ఎగవేతదారుల కోసం చేసిన ఏర్పాటు. మంచిదే. లక్షల్లో కొని వేలల్లో రాసేవాడి మెడ వంచితే మాకేమీ అభ్యంతరం లేదు. కాని ఒక పనికి చేసిన కొలబద్దను పట్టుకొచ్చి ఇవాళ అన్ని పనులకీ వాడుతున్నారు. అక్కడే అసలు చిక్కు.

మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను వెనుక ఎలా వుండేది? ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి దాని మీద వేసేవారు. పాత ఇంటికి తరుగు తీసేవారు. సొంతదారు తానే కాపురం వుంటే కొంత తగ్గించేవారు. అందులోనూ అన్యాయాలు వున్నాయి, బిల్ కలెక్టరు ఇష్టారాజ్యం వుంది. అయినా ఒక నీతి వుంది. ఇల్లు వల్ల మనిషికి ఎంత రాబడి రావచ్చు అన్నది చూసేవారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో మున్సిపల్ చట్టాలు సవరించి ఈ పద్ధతి తీసేసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ మీద పన్ను అన్నది. మూలధన విలువ అంటే పెద్ద మాట ఏమీ కాదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో వున్న స్థలం ధర, దాని మీద కట్టడం ధర కలిపితే అదే. దాని మీద నివాసాలకు నూటికి పది పైసల నుంచి యాభై పైసల దాకా, వ్యాపార కట్టడాలకు ఇరవై పైసల నుంచి రెండు రూపాయల దాకా పన్ను వేయవచ్చు.

నూటికి పది పైసలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక లెక్క వేసి చూద్దాం. 60 గజాల స్థలం, అందులో 450 చదరపు అడుగుల శ్లాబు. గజం పుస్తకం ధర 5,000 అనుకోండి. స్థలం 3 లక్షలు, కట్టడం 2 లక్షలు, మొత్తం 5 లక్షలు. నూటికి 15 పైసల చొప్పున పన్ను 750 రూపాయలు. పక్కనే ఒక బైపాస్ రోడ్డు పడింది, ఎవరో వెంచర్ వేశారు, గజం 10,000 అని పుస్తకంలో దిద్దారు. ఇప్పుడు మొత్తం 8 లక్షలు, పన్ను 1,200. ఈ మధ్య కాలంలో ఆ ఇంట్లో ఒక్క ఇటుక పెరగలేదు. ఆ ఇంటాయన కూలి రేటు పెరగలేదు. పైగా బైపాస్‌కు, వెంచర్‌కు పొలాలు పోయి చుట్టుపక్కల కూలి పని తగ్గింది. పని తగ్గినవాడికి పన్ను పెరిగింది. అద్దె విలువ పద్ధతిలో ఆ గదులకు వచ్చే అద్దె పెరిగితేనే పన్ను పెరిగేది. ఇప్పుడు ఎవడో ఎక్కడో చేసిన భూమి బేరం మన గుమ్మంలోకి పన్ను రూపంలో వస్తున్నది.

పాత ఇళ్ళ మీద ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతం మించి పెంచమని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. వినటానికి బాగానే వుంది. ఏటా 15 చొప్పున ఎక్కుతూ పోతే ఐదేళ్ళకు రెట్టింపు అవుతుందని వడ్డీకి తెచ్చుకునే ఏ కూలీ మనిషిని అడిగినా చెబుతుంది. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం 75 గజాల లోపు స్థలంలో వున్న చిన్న ఇంటికి 100 రూపాయలు అన్నది. ఇవి మంచి నిబంధనలు, మేము కాదనము. కాని గమనించండి, పేదవాడికి న్యాయం చేయాల్సి వచ్చినచోట వాళ్ళు కూడా ధర వదిలేసి కొలత పట్టుకున్నారు. ధర మీద పన్ను పేదవాడికి పనికిరాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు కాదా? కొడుక్కి పెళ్ళయి పక్కన ఇంకో గది వేసుకుంటే 375 దాటిపోతుంది. దాటిన మరుక్షణం ఆ కుటుంబం ధనవంతుల లెక్కలోకి పోతుందా?

మరి ఈ మార్పు ఎందుకు వచ్చింది? మున్సిపల్ కమిషనర్లకు రాత్రికి రాత్రి తట్టిన ఆలోచన కాదు. 2020లో కరోనా వచ్చి రాష్ట్రాల ఆదాయాలు పడిపోయాయి. అదనంగా అప్పు తెచ్చుకోవటానికి కేంద్రం అనుమతి ఇస్తూ షరతులు పెట్టింది. అందులో ఒకటి, పట్టణాల్లో ఆస్తి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ ధరలకు అనుగుణంగా వుండాలి అని. నీటికి, డ్రైనేజీకి కూడా కనీస చార్జీలు ప్రకటించాలి అని. ఈ షరతులు ముందుగా నెరవేర్చిన రాష్ట్రాలు రెండు, మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. అందుకు ప్రతిఫలంగా ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయలు అదనంగా అప్పు చేసుకునే వీలు దొరికింది. గ్రాంటు కాదు సుమా, అప్పు చేసుకునే హక్కు! తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ స్థానిక సంస్థల గ్రాంటుకు కనీస రేట్ల ప్రకటన షరతు చేసింది. రాష్ట్రం చేసే అప్పుకు మన ఇంటి గోడను హామీగా పెట్టారని చెప్పుకుంటే తప్పేమీ లేదు. విజయవాడలో, విశాఖలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు, వామపక్షాలు రోడ్డెక్కాయి. కాని ఆ ఆందోళనలో ఊళ్ళ నుంచి కలిసిపోయిన శివారు పల్లెల కూలీలు తక్కువ. వాళ్ళకు అప్పటికింకా తాము పట్నం వాళ్ళమైన సంగతే సరిగ్గా తెలియదు.

ఈ కలపటం గురించి రెండు మాటలు చెప్పాలి. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలతో చుట్టుపక్కల పల్లెలు కలిపి కార్పొరేషన్ చేశారు. 2024లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వెంట వున్న 51 గ్రామ పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపారు. పంచాయతీలో ఇంటి పన్ను వేరు, మున్సిపాలిటీలో పన్ను వేరు. అది ఒక ఎత్తు. గ్రామీణ ఉపాధి పని మున్సిపాలిటీలో వుండదు, అది ఇంకో ఎత్తు. అంటే ఒకే కలం పోటుతో పన్ను వచ్చింది, పని పోయింది. ఇంకొకటి కూడా వుంది. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాల అర్హతకు పెట్టిన నిబంధనల్లో మున్సిపల్ ప్రాంతంలో 1,000 చదరపు అడుగుల మించి కట్టడం వుంటే అనర్హులు అన్నారు. ముగ్గురు అన్నదమ్ములు కలిసి వుండే పాత పెంకుటిల్లు పల్లెగా వున్నప్పుడు అడ్డు కాలేదు. వార్డు కాగానే అదే ఇల్లు ఆస్తి అయిపోయింది.

సొంత ఇల్లు లేనివాళ్ళు ఈ బాధ మాకు లేదనుకోవద్దు. శివారు పల్లెల్లో ఒక గది అద్దెకు తీసుకుని వుండే వలస కూలీలు వేలల్లో వున్నారు. పన్ను పెరిగితే ఓనరు దాన్ని అద్దెలో కలుపుతాడు. కాగితం ఆయన పేరున వస్తుంది, డబ్బు వీళ్ళ జేబులోంచి పోతుంది.

సరే, పుస్తకం ధర పెంచటమే తప్పా అంటే, అదీ కాదు. ఇక్కడ కార్యకర్తలు జాగ్రత్తగా ఆలోచించాలి. పన్ను కట్టేటప్పుడు ఆ ధర తక్కువుంటే బాగుండును అనిపిస్తుంది. కాని అదే ధర భూమి పోయేటప్పుడు తక్కువుంటే మన గొంతు కోస్తుంది. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ఏమంటున్నది? పరిహారం లెక్కకు స్టాంపు చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు నిర్ణయించిన విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్ళ అమ్మకాల సగటు ఇంకొకటి, వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోమంటున్నది. బాగానే వుంది కదా అంటారు. కాని ఆ అమ్మకాల దస్తావేజులు ఏ ధరకు రాశారు? అందరూ రాసేది పుస్తకం ధరకే! కాబట్టి రెండు తక్కెడలూ ఒకే రాయితో తూస్తున్నాయి.

ఎకరం బజారులో 20 లక్షలు పలుకుతున్నది, పుస్తకంలో 4 లక్షలు వుంది అనుకోండి. పల్లె ప్రాంతంలో చట్టం ప్రకారం ఎక్కువలో ఎక్కువ రెండు రెట్లు గుణిస్తారు, 8 లక్షలు. దాని మీద నూటికి నూరు సొలేషియం, మొత్తం 16 లక్షలు. నాలుగు రెట్లు ఇచ్చామని మంత్రులు వేదికల మీద చెబుతారు. నాలుగు రెట్లు ఇచ్చినా బజారు ధరకు నాలుగు లక్షలు తక్కువే. రెండుకు బదులు తక్కువ గుణకం పెడితే ఇంకా కిందికే. దాని పక్కన ఆ రైతు మళ్ళీ ఎకరం కొనాలంటే ఎక్కడ కొంటాడు?

ఇందులో మన నేల మీద జరిగిన ఒక కేసు వుంది. ఆదిలాబాద్ ఆర్డీవో మీద జవాజీ నాగనాథం అన్న రైతు వేసిన అప్పీలులో 1994లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. స్టాంపు డ్యూటీ వసూలు కోసం తయారు చేసుకున్న విలువల రిజిస్టర్‌కు చట్టబద్ధమైన పునాది లేదు, దాన్ని ఆధారం చేసుకుని భూసేకరణ పరిహారం నిర్ణయించకూడదు అన్నది దాని సారం. ఆనాడు రైతులు పుస్తకం ధర ప్రకారం ఎక్కువ అడిగితే, అది పనికిరాని కాగితం అన్నారు. సర్కారు స్టాంపు డ్యూటీ వసూలు చేసేటప్పుడు మాత్రం అదే కాగితం వేదవాక్కు. 2013 చట్టం వచ్చి ఆ కాగితాన్ని పరిహారానికి కూడా ఆధారం చేసింది. మరి ఆ తర్వాత తెలంగాణలో ఏం జరిగింది? 2013 ఆగస్టులో సవరించిన విలువలు 2021 జూలై దాకా ఎనిమిదేళ్ళు కదలలేదు. ప్రాజెక్టుల కోసం, కాలువల కోసం, రోడ్ల కోసం వేల ఎకరాలు తీసుకున్నది సరిగ్గా ఆ ఎనిమిదేళ్ళలోనే. భూములు తీసుకోవటం చాలా వరకు అయ్యాక 2021లో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో ఇంకోసారి పెంచారు. 2021లోనే రిజిస్ట్రేషన్ చార్జీలు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. తాను ఇవ్వాల్సినప్పుడు ధర నిద్రపోయింది, తనకు రావాల్సినప్పుడు లేచి కూర్చుంది.

ఆ రోజుల్లోనే 2015లో తెచ్చిన 123 జీవో సంగతి మన పాఠకులకు గుర్తుండే వుంటుంది. 2013 చట్టం పక్కనబెట్టి భూములు బేరమాడి కొనుక్కోవటానికి తెచ్చిన జీవో అది. భూమి వున్నవాడితో బేరం, భూమి లేని కూలీకి ఏమీ లేదు. మెదక్ జిల్లా వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్ళారు. 2016 ఆగస్టులో ఏకసభ్య ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పని చేస్తున్న భూమిలేని కూలీ, కౌలుదారు కూడా నష్టపోయిన కుటుంబమే అని 2013 చట్టం చెబుతున్నది. కుటుంబానికి ఉద్యోగమో, 5 లక్షలో, నెలనెలా కొంత సొమ్మో ఇవ్వాలంటున్నది. ఈ పాయింటు మన గ్రామ శాఖల్లో ఎంతమందికి తెలుసు?

అదే 26వ సెక్షన్ చివర ఇంకో మాట వుంది. ఏ ప్రాంతంలోనైనా భూసేకరణ మొదలుపెట్టే ముందు కలెక్టరు అక్కడి విలువలను వాస్తవ ధరల ప్రకారం సవరించటానికి అన్ని చర్యలూ తీసుకోవాలి. అది దయ కాదు, విధి. భూసేకరణ నోటీసు వచ్చిన ఊళ్ళో మొదట వేయాల్సిన ప్రశ్న: "కలెక్టరు గారూ, పుస్తకం ఎప్పుడు దిద్దారు?"

ఇక అప్పు సంగతి. మేము చూసిన వాటిలో ఎక్కువ కొంపలు ముంచుతున్నది ఇదే.

కాయకష్టం చేసి కూడబెట్టిన ఒక కుటుంబం ఊరి చివర పాత ఇల్లు ఒకటి 6 లక్షలకు బేరమాడుకుంది అనుకోండి. పుస్తకం ధర 3 లక్షలు. దస్తావేజు రాసేవాడు ఏమంటాడు? "గవర్నమెంటు రేటుకే రాద్దాం, ఖర్చు కలిసొస్తది" అంటాడు. 7.5 శాతం చొప్పున 6 లక్షల మీద 45,000 అవుతుంది, 3 లక్షల మీద 22,500. సగానికి సగం మిగిలిందని సంతోషిస్తారు. అమ్మేవాడు అంతకంటే సంతోషిస్తాడు. తర్వాత బ్యాంకుకు వెళతారు. 30 లక్షల లోపు ఇంటి అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఏ విలువలో? బ్యాంకులు మామూలుగా దస్తావేజు ధర, తమ వాల్యూయరు కట్టిన ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది చూస్తాయి. దస్తావేజులో 3 లక్షలుంది గనుక అప్పు 2 లక్షల 70 వేలు మించదు. మిగతా 3 లక్షల 30 వేలు ఎక్కడి నుంచి తేవాలి? వడ్డీ వ్యాపారి దగ్గర్నుంచి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు దాదాపు పదివేలు. స్టాంపు డ్యూటీలో మిగిలిన 22,500 మూడు నెలల వడ్డీకి కూడా చాలదు. పుస్తకం ధరకూ బజారు ధరకూ మధ్య వున్న ఆ ఖాళీలోనే వడ్డీ వ్యాపారి దుకాణం పెట్టుకుని కూర్చున్నాడు.

బ్యాంకు గడప తొక్కలేనివాళ్ళ గతి ఇంకా ఘోరం. ఊళ్ళో పెద్దమనిషి దగ్గర అప్పు కావాలంటే ప్రామిసరీ నోటు చాలదంటున్నాడు. "ఇల్లు నా పేర రిజిస్టర్ చెయ్యి, డబ్బు కట్టిన రోజు మళ్ళీ నీకే రాసిస్తా" అంటున్నాడు. నోటి మాటే. దస్తావేజులో మాత్రం అది శుద్ధ అమ్మకం, ధర మళ్ళీ పుస్తకం ధరే. రేపు గొడవ వస్తే, ఆరు లక్షల ఇల్లు రెండు లక్షల అప్పుకు పోయిందని మనం ఏడుస్తాము. సర్కారు ధర ప్రకారమే కొన్నానని ఆయన కాగితం చూపిస్తాడు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ఏమంటున్నదో కార్యకర్తలు ఊరూరా చెప్పాలి. అమ్మకం రూపంలో రాసిన తనఖా చెల్లాలంటే, తిరిగి రాసిస్తానన్న షరతు అదే దస్తావేజులో వుండాలి. వేరే కాగితం మీద రాసుకున్నా, నలుగురి ముందు చెప్పినా అది తనఖాగా లెక్కకు రాదు. అప్పు కోసం అమ్మకపు దస్తావేజు రాయవద్దు. తనఖా అయితే తనఖా అనే రాయించండి. తనఖా రాసినవాడికి అప్పు తీర్చి ఇల్లు విడిపించుకునే హక్కు చట్టం ఇస్తున్నది.

ఊరి మధ్య గ్రామకంఠంలో వున్న ఇళ్ళకు చాలా వాటికి దస్తావేజులే లేవు. తాతలు కట్టుకున్నారు, మనవలు వుంటున్నారు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టి డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇస్తానన్నది. పథకం ఉద్దేశాలు ఒకసారి చదవండి. ఆస్తి కార్డు పెట్టి బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు అని ఒకటి. ఆస్తి పన్ను నిర్ణయించటానికి పనికొస్తుంది అని ఇంకొకటి. ఒకే కార్డు, రెండు పనులు. హక్కు కాగితం రావటం మంచిదే, దాని కోసం మనం ఎన్నేళ్ళో పోరాడాము. కాని అప్పు వస్తుందో రాదో బ్యాంకు మేనేజరు చేతిలో వుంది. పన్ను మాత్రం తప్పకుండా వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 డిసెంబరులో ఒన్ టైం సెటిల్‌మెంట్ అని ఒకటి నడిపారు. 1983 నుంచి 2011 దాకా గృహ నిర్మాణ సంస్థ అప్పుతో బలహీన వర్గాలు కట్టుకున్న ఇళ్ళు అవి. పల్లెలో 10,000, మున్సిపాలిటీలో 15,000, కార్పొరేషన్‌లో 20,000 కడితే బాకీ రద్దు చేసి రిజిస్టర్ చేసి ఇస్తామన్నారు. బలవంతం లేదని పైవాళ్ళు చెప్పారు, వసూలు చేసే తీరు చూసి కింద గగ్గోలు లేచింది. ముప్పై ఏళ్ళ కింద కట్టి, ఎండకు వానకు నాని పెచ్చులూడుతున్న ఇంటికి పదివేలు కట్టినవాళ్ళకు చెప్పిన ఆశ ఏమిటి? ఇక మీరు బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు అని. ఆ మారుమూల కాలనీలో పుస్తకం ధర ఎంత, దాని మీద ఏ బ్యాంకు ఎంత ఇస్తుంది అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

తాకట్టు పెట్టుకోవచ్చు అంటే పోగొట్టుకోవచ్చు అని కూడా అర్థం. 2002 సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. అదే చట్టం వ్యవసాయ భూమి జోలికి రావద్దన్నది. అంటే పదెకరాల ఆసామి పొలానికి ఆ చట్టం నుంచి రక్షణ వుంది, ఆయన పొలంలో కూలి చేసేవాడి ఇంటికి లేదు! ముందు 60 రోజుల నోటీసు ఇస్తారు. తర్వాత స్వాధీనం. తర్వాత వేలం. వేలానికి కనీస ధర వేయటానికి బ్యాంకే ఒక వాల్యూయరును పిలుస్తుంది. అప్పు ఇచ్చే రోజున వాల్యూయరు కట్టిన ధర ఒకటి, వేలం నాటికి కట్టే ధర ఇంకొకటి. మనుషులు కాపురమున్న ఇల్లు, గొడవలో వున్న ఇల్లు అని కొనేవాళ్ళు వెనకాడతారు. ధర పడిపోతుంది. వేలం సొమ్ము అప్పుకు చాలకపోతే మిగతాది మళ్ళీ మన నెత్తినే. ఇల్లు పోయి బాకీ మిగిలే విచిత్రం ఇలా జరుగుతున్నది.

బజారు ధర, పుస్తకం ధర, బ్యాంకు ధర, వేలం ధర. ఇవీ ఆ నాలుగు ధరలు. ఇల్లు ఒకటే. పన్ను వేసేవాడు పుస్తకం పెంచుతాడు, పరిహారం ఇచ్చేవాడు పుస్తకం మూసిపెడతాడు, అప్పు ఇచ్చేవాడు తక్కువది చూస్తాడు, వేలం వేసేవాడు ఇంకా తక్కువది చూస్తాడు. ప్రతిసారీ ఎదుటివాడికి కలిసొచ్చే ధరే సరైన ధర అవుతున్నది.

మరి మనం ఏం అడగాలి? పుస్తకం ధర పెంచొద్దు అని గుడ్డిగా నినాదం ఇస్తే భూమి పోయే రైతు, ఆ భూమి మీద బతికే కూలీ నష్టపోతారు. పెంచాలి అంటే కాపురముండే ఇంటి మీద పన్ను పెరుగుతుంది. కాబట్టి ఈ రెంటినీ కట్టిపడేసిన ముడి విప్పమని అడగాలి. సొంతదారు కాపురముండే చిన్న ఇంటికి పన్ను ధర మీద కాక కొలత మీద వుండాలి, ఆ కొలత పరిమితి 375 దగ్గర ఆగకూడదు. పెద్ద పెద్ద వ్యాపార భవనాలకు, ఎవరూ వుండకుండా రేటు కోసం దాచిపెట్టిన ప్లాట్లకు ధర మీదే వేయండి, గట్టిగా వేయండి. పంచాయతీకి డబ్బు కావాలి, మురుగు కాల్వ తవ్వాలి, నీళ్ళివ్వాలి, ఆ సంగతి మాకూ తెలుసు. ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే తేడా. విలువలు సవరించే కమిటీ ముసాయిదా గ్రామసభలో, వార్డు సభలో చదివి వినిపించాలి. భూసేకరణకు ముందు సవరణ జరిగి తీరాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి విలువలు మళ్ళీ సవరించారు. మీ ఊరి విలువ ఎంత రాశారో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వుంటుంది. చదువుకున్న కుర్రవాళ్ళ చేత చూపించుకుని, వీధుల వారీగా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. పక్కనే నిజంగా జరిగిన బేరాల ధరలు కూడా రాయండి. రేపు పన్ను నోటీసు వచ్చినా, భూసేకరణ నోటీసు వచ్చినా ఆ పుస్తకం పనికొస్తుంది. బ్యాంకు నోటీసు వచ్చినవాళ్ళు మాత్రం ఆలస్యం చేయవద్దు. 60 రోజుల నోటీసుకు రాతపూర్వకంగా జవాబు ఇచ్చి రసీదు తీసుకోండి. బాకీ లక్ష రూపాయలు మించకపోయినా, అప్పులో ఐదో వంతు కంటే తక్కువ మిగిలివున్నా ఆ చట్టం వర్తించదు. ముందు అది చూసుకోండి. స్వాధీనం దాకా వస్తే రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళటానికి 45 రోజులే గడువు. ట్రిబ్యునల్ హైదరాబాద్‌లో వుంది, విశాఖలో వుంది. మన జిల్లాల నుంచి పోను రాను ఖర్చు, లాయరు ఫీజు ఒక్కడి వల్ల కాదు. ఒకే బ్యాంకు నుంచి నోటీసులు వచ్చిన నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్ళండి.